దాచుకున్న నీటిలో పుట్టే జ్వరం: చికున్‌గున్యా చరిత్ర

దోమ అనగానే మన కళ్ళ ముందు మురికికాలువ మెదులుతుంది. ఊళ్ళో జ్వరాలు ప్రబలినప్పుడు మనం మొదట నిందించేది మురుగును, చెత్తకుప్పను, వాటి పక్కన నివసించే పేదలను. క్యూలెక్స్ దోమ విషయంలో ఆ నింద కొంతవరకు సమంజసమే. కాని కీళ్ళను పట్టి వంచి, మనిషిని నెలల తరబడి మంచానికి కట్టివేసే చికున్‌గున్యా జ్వరం మురుగు నుండి రాదు. మన వంటింటి పక్కన, స్నానాలగదిలో, మిద్దె మీద ఎంతో జాగ్రత్తగా పట్టి దాచుకున్న మంచినీటిలో అది పుడుతుంది. ఈ జ్వరం చరిత్రను మొదటి నుండి చదువుతూ వస్తే దాదాపు ప్రతి మలుపులోనూ ఒక నీటికుండ, ఆ కుండ వెనుక నీటి ఎద్దడి కనిపిస్తాయి. ఆ చరిత్ర తెలిస్తే ఈ వ్యాధి విషయంలో ఎవరిని తప్పుపట్టాలో, ఏ పని ముందు చేయాలో మీకే తేటతెల్లమవుతుంది.

మకొండే పీఠభూమి, 1952

ఆఫ్రికా ఖండపు తూర్పు తీరంలో, నేటి టాంజానియా దేశపు దక్షిణ కొసన, మొజాంబిక్ సరిహద్దుకు చేరువలో మకొండే పీఠభూమి ఉంది. ఆనాడు ఆ దేశాన్ని టాంగన్యీకా అనేవారు. బ్రిటిష్ పాలనలో ఉండేది. 1952–53 సంవత్సరాలలో అక్కడి నెవాలా ప్రాంతపు గ్రామాలలో ఒక జ్వరం ఉన్నట్టుండి విజృంభించింది. ఉదయం ఆరోగ్యంగా లేచి పనికి వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి కాలు కదపలేని స్థితికి వచ్చేవాడు. ఒళ్ళు కాలిపోయే జ్వరం, మణికట్లు, వేళ్ళు, చీలమండలు, మోకాళ్ళు పట్టివేసే నొప్పి, ఆపైన ఒంటిమీద దద్దురు. ఒక ఇంట్లో ఒకరికి వస్తే కొద్ది రోజుల్లోనే ఇంటిల్లిపాదికీ సోకేది.

మారియన్ రాబిన్సన్ ఈ రోగుల లక్షణాలను శ్రద్ధగా పరిశీలించి 1955లో ప్రకటించారు. అదే సంవత్సరం లమ్స్‌డెన్ అనే శాస్త్రవేత్త ఆ వ్యాధి వ్యాపించిన తీరును వివరించారు. రోగుల రక్తం నుండి, దోమల నుండి వైరస్‌ను వేరుచేసిన ఘనత రాస్ అనే మరో పరిశోధకునిది. సికింద్రాబాదులో మలేరియా రహస్యాన్ని ఛేదించిన రోనాల్డ్ రాస్ వేరు, ఈయన వేరు.

ఆ స్థానికులు ఈ జ్వరానికి పెట్టుకున్న పేరే నేడు ప్రపంచమంతటా నిలిచిపోయింది. మకొండే భాషలో ‘కుంగున్యాలా’ అనే క్రియకు మెలితిరగడం, వంగిపోవడం అని అర్థం. చికున్‌గున్యా అంటే మనిషిని వంచివేసేది. ఈ పేరు తెలుగునాట 2006లో అనేకుల చెవికి ‘చికెన్ గున్యా’గా వినిపించింది. కోడిమాంసం తింటే ఈ జ్వరం వస్తుందని భయపడి మానివేసినవారు, ఇకపై తినవచ్చునా అని వైద్యులను అడిగినవారు ఎందరో ఉన్నారు. కోడికీ ఈ జ్వరానికీ ఏ సంబంధమూ లేదు. రోగి నడక చూసి ఆఫ్రికా పల్లెజనం పెట్టుకున్న పేరు అది.

మకొండే పీఠభూమి మీద నీరు నిలవదు. నదులు, చెరువులు దాదాపు లేవు. పీఠభూమి అంచుల దిగువన ఉన్న ఊటల నుండి స్త్రీలు నీటిని మోసుకువచ్చి గుడిసెలలోని కుండలలో నిల్వచేసుకొనేవారు. అంత కష్టపడి తెచ్చిన నీటిని ఎవరు పారబోస్తారు? కుండ అడుగంటకముందే మళ్ళీ నింపుకొనేవారు. ఆ కుండలలోనే ఏడిస్ ఈజిప్టై దోమ గుడ్లు పెట్టింది. ఊరి బయట గుంటలలో కాక మనుషులు పడుకొనే గుడిసెల లోపలే దోమల సంతానం పెరిగింది. ఇంటిల్లిపాదీ ఒకేసారి జ్వరపడడానికి కారణం ఇదే.

పాత జ్వరం, తారుమారైన పేరు

శాస్త్రజ్ఞులు 1952లో గుర్తించారు గనుక అప్పుడే పుట్టిన వ్యాధి అనుకోరాదు. 1870 ప్రాంతంలో ఆఫ్రికా తూర్పు తీరంలోని జాంజిబార్ దీవిలో కీళ్ళు పట్టివేసే జ్వరం ఒకటి చెలరేగింది. అక్కడ పనిచేస్తున్న జేమ్స్ క్రిస్టీ అనే వైద్యుడు దానిని వర్ణిస్తూ, స్థానికులు దానిని ‘కిడింగా పెపో’ అంటారని రాశాడు. సుమారు అర్ధశతాబ్దం కిందట కూడా ఇదే జ్వరం వచ్చిపోయిందని ఆ దీవిలోని వృద్ధులు జ్ఞాపకం చేసుకొన్నారు. ఆ తరువాత ఆ జ్వరం ఓడలెక్కి అరేబియా తీరానికి, అక్కడి నుండి బొంబాయి, కలకత్తా, మద్రాసులకు చేరింది. ఆనాటి ఓడలలో మంచినీటి పీపాలు ఉండేవి. సముద్రం మీద వారాల తరబడి సాగే ప్రయాణంలో ఆ పీపాలే దోమలకు పుట్టినిళ్ళు, నావికులే వాటికి ఆహారం.

ఆ జ్వరాన్ని నాటి వైద్యులు డెంగీ అన్నారు. నేడు మనం డెంగీ అనే పేరు వేరొక వైరస్‌కు వాడుతున్నాం. 1960ల్లో వెల్లూరులో వైరస్ పరిశోధనలు చేసిన డొనాల్డ్ కేరీ పాత వైద్య గ్రంథాలను తిరగేసి, 1971లో ఒక ఆసక్తికరమైన వాదన చేశారు. 1779లో బటావియాలో, అంటే నేటి జకార్తాలో, డేవిడ్ బైలన్ వర్ణించిన కీళ్ళజ్వరమూ, 1824లో మన దేశంలో వ్యాపించిన జ్వరమూ, 1870ల నాటి జాంజిబార్ జ్వరమూ లక్షణాలను బట్టి చూస్తే డెంగీ కంటే చికున్‌గున్యాకే సరిపోతాయని ఆయన అభిప్రాయం. నిజమైతే, చికున్‌గున్యాకు పెట్టిన పాత పేరును డెంగీ ఎత్తుకుపోయిందన్నమాట.

ఇక్కడ పాఠకులు గమనించవలసినది, ఈ జ్వరం వచ్చిపోయే తీరు. ఒక తరాన్ని పట్టి కుదిపి, ముప్పై నలభై ఏళ్ళపాటు మాయమై, దాని జ్ఞాపకం వృద్ధుల వద్ద మాత్రమే మిగిలిన వేళ మళ్ళీ వస్తుంది. ఒకసారి సోకినవారికి సాధారణంగా జీవితాంతం రక్షణ లభిస్తుంది. ఊళ్ళో అధికసంఖ్యాకులకు ఆ రక్షణ ఉన్నంతకాలం వైరస్‌కు అక్కడ బతుకుతెరువు లేదు. ఆ తరం వెళ్ళిపోయి, ఆ జ్వరమే ఎరుగని పిల్లలు పెద్దవారయ్యాక దానికి మళ్ళీ తలుపులు తెరుచుకొంటాయి.

ఈ దోమ మనిషిని ఎందుకు మరిగింది?

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని గుర్తించిన సంగతి తెలుగువారికి సుపరిచితం. ఆయన చూసిన అనాఫిలిస్ దోమ రాత్రివేళ కుడుతుంది. చికున్‌గున్యాను, డెంగీని మోసే ఏడిస్ పగటి దోమ. నల్లని ఒంటి మీద, కాళ్ళ మీద తెల్లని చారలుంటాయి. ఉదయం పొద్దెక్కే వేళ, సాయంత్రం పొద్దు వాలే వేళ ఎక్కువగా కుడుతుంది. కనుక రాత్రి పూట దోమతెర కట్టుకొన్నంత మాత్రాన దీని నుండి రక్షణ దొరకదు.

ఈ దోమ పూర్వీకులు ఆఫ్రికా అడవులలో చెట్ల తొర్రలలో నిలిచిన వాననీటిలో గుడ్లు పెట్టి, అడవి జంతువుల రక్తం తాగి బతికేవి. నేటికీ అక్కడి అడవులలో మనిషి వాసన అంతగా గిట్టని ఏడిస్ దోమలున్నాయి. మరి వీటిలో ఒక శాఖ మనిషినే ఎందుకు వెతుక్కుంటూ వచ్చింది? 2020లో వెలువడిన ఒక పరిశోధనలో ఆఫ్రికాలోని అనేక ప్రాంతాల దోమల గుడ్లను సేకరించి, పెంచి, వాటికి మనిషి వాసననూ జంతువు వాసననూ ఎదురెదురుగా చూపి పరీక్షించారు. వేసవి సుదీర్ఘంగా, తీవ్రంగా ఉండే ప్రాంతాల దోమలు మనిషి వైపు మొగ్గు చూపాయి. దట్టమైన పట్టణాలలోనూ ఆ మొగ్గు కొంత కనిపించింది. తొర్రలు ఎండిపోయే నెలలలో ఆ దోమకు దొరికే నీరు మనిషి కుండలోని నీరు మాత్రమే. కుండ వద్దకు చేరిన దోమకు చేరువలో ఉన్న రక్తం మనిషిదే. అలా వేల ఏళ్ళలో అది మనిషిని మరిగిందని పరిశోధకుల భావన. ఈ దోమను మనకు కట్టిపెట్టింది మన నీటి ఎద్దడే.

దీని గుడ్ల స్వభావమూ ఎండకాలానికి తగినదే. ఆడదోమ గుడ్లను నీటిలో కాక, నీటిమట్టానికి కాస్త పైన పాత్ర గోడకు అంటించి పెడుతుంది. నీరు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్ళీ నీరు పోసి తడి తగలగానే పిల్లలు బయటికి వస్తాయి. వారం పది రోజులలో అవి రెక్కల దోమలవుతాయి. తొట్టిలోని నీటిని పారబోసి వెంటనే మళ్ళీ నింపితే ప్రయోజనం అంతంతమాత్రమే. గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడిగితేనే గుడ్లు పోతాయి.

మన గడ్డ మీద మొదటి రాక

ఆసియాలో ఈ వైరస్‌ను మొదటిసారి 1958లో బ్యాంకాక్‌లో గుర్తించారు. మన దేశంలో 1963లో కలకత్తాలో బయటపడింది. మరుసటి రెండేళ్ళలో మద్రాసు, పాండిచ్చేరి, వెల్లూరు నగరాలను కుదిపివేసింది. 1965లో తెలుగు తీరానికీ వచ్చింది. విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడ పట్టణాలలో వేల ఇళ్ళు జ్వరపడ్డాయి. అదే ఏడాది నాగపూరుకు చేరింది. 1973లో మహారాష్ట్రలోని బార్సీ పట్టణంలో మూడో వంతుకు పైగా జనానికి సోకింది.

ఆ తరువాత నిశ్శబ్దం. 32 ఏళ్ళపాటు దేశంలో చెప్పుకోదగిన చికున్‌గున్యా విజృంభణ ఏదీ నమోదు కాలేదు. వైద్య విద్యార్థులకు అది పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా మిగిలింది. కాని ఆ నిశ్శబ్దం కింద ఏదో కదులుతూనే ఉంది. 2000వ సంవత్సరంలో పూణే జిల్లా యవత్ గ్రామంలో పట్టిన దోమల నుండి వేరుచేసిన చికున్‌గున్యా వైరస్, 1963 నాటి ఆసియా రకానికి చెందినది కాదనీ, ఆఫ్రికా రకానికి చెందినదనీ తరువాతి పరీక్షలలో తేలింది. అంటే ఆఫ్రికా వైరస్ మన దేశానికి ఎప్పుడో వచ్చి, నిప్పుకణికలా నివురు కప్పుకొని ఉంది.

లాము దీవి నుండి రాయలసీమ దాకా

2004లో కెన్యా తీరంలో అసాధారణమైన ఎండలు కాశాయి, వానలు ముఖం చాటేశాయి. అక్కడి లాము అనే చిన్న దీవిలో చికున్‌గున్యా రాజుకొంది. తరువాత జరిపిన రక్తపరీక్షలలో ఆ దీవి జనాభాలో నూటికి 75 మందికి సోకినట్లు తేలింది. వానాకాలపు వ్యాధి అని మనం అనుకొనేది అక్కడ అనావృష్టిలో ఎందుకు పుట్టింది? వానలు లేక ఇళ్ళలో నీటినిల్వలు పెరిగాయి. ఆ పాత్రలను ఖాళీచేసి కడిగి కొత్తనీరు నింపడం అరుదైపోయింది. ఎండవేడికి దోమలో వైరస్ పెరుగుదల వేగవంతమైంది. పరిశోధకులు ఈ విజృంభణను కరవుతో ముడిపెట్టి చూపారు.

అక్కడి నుండి 2005లో కొమొరోస్ దీవులకు, ఆపైన ఫ్రెంచివారి ఏలుబడిలోని రీయూనియన్ దీవికి పాకింది. ఏడున్నర లక్షలకు పైబడిన జనాభా ఉన్న రీయూనియన్‌లో మూడో వంతు మంది, అంటే రెండున్నర లక్షలకు మించి, జ్వరపడ్డారు. 2006 ఫిబ్రవరిలో ఒక్క వారంలోనే 40,000 మందికి పైగా సోకింది. ఆ దీవిలో ఏడిస్ ఈజిప్టై అంతగా లేదు. ఏడిస్ ఆల్బోపిక్టస్ అనే టైగర్ దోమ ఎక్కువ. వైరస్ ఆ దోమకు తగినట్లు తన పైపొరలోని ఒక ప్రోటీనులో ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చుకొని, దానిలో ఎన్నో రెట్లు సులువుగా పెరగసాగింది.

అదే కాలంలో, 2005 చివరి నెలలలో, మన రాయలసీమ పల్లెలలో ‘కీళ్ళజ్వరాలు’ మొదలయ్యాయి. అనంతపురం, చిత్తూరు, కడప ప్రాంతాల ఆసుపత్రులకు ఎద్దుబండ్ల మీద, ఆటోలలో, ఒకరి భుజం ఒకరు పట్టుకొని జనం వచ్చారు. నడుము నిలబడక, చెంబు పట్టుకోవడానికి వేళ్ళు మూయలేక వచ్చారు. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలు అది చికున్‌గున్యాయేనని, ఆఫ్రికా రకమని తేల్చాయి. కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు, గుజరాత్, కేరళ వరుసగా చిక్కుకొన్నాయి. 2006లో దేశం మొత్తం మీద 13.9 లక్షల అనుమానిత కేసులు ప్రభుత్వ లెక్కకు ఎక్కాయి; ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 77 వేలు. ఆసుపత్రి గడప తొక్కకుండా ఇంట్లోనే మూలిగినవారు ఈ లెక్కలో లేరు.

రాయలసీమలో ఆ ఏడు వానలు పడ్డాయా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. తరతరాల ఎద్దడి నేర్పిన అలవాటు ఒక మంచి వానతో పోదు. మూడు రోజులకో, వారానికో కుళాయి వచ్చే ఊళ్ళో ఇంటి ముందు సిమెంటు తొట్టి, దొడ్లో బాన, వంటింట్లో బిందెల వరుస, మిద్దె మీద ప్లాస్టిక్ డ్రమ్ము ఉండక తప్పదు. మకొండే స్త్రీల కుండలకూ మన అక్కచెల్లెళ్ళ బిందెలకూ మధ్య ఒక మహాసముద్రం, యాభై ఏళ్ళ కాలం ఉన్నాయి. దోమకు మాత్రం రెండూ ఒక్కటే.

ఒంట్లో ఏం జరుగుతుంది?

జ్వరపడిన మనిషి రక్తంలో వైరస్ మొదటి వారం రోజులు పుష్కలంగా ఉంటుంది. ఆ సమయంలో అతణ్ణి కుట్టిన ఏడిస్ దోమ పొట్టలోకి వైరస్ చేరి, అక్కడ పెరిగి, కొద్ది రోజులలో దాని లాలాజల గ్రంథులకు పాకుతుంది. ఇక ఆ దోమ బతికినన్నాళ్ళూ కుట్టిన వారికల్లా వైరస్‌ను అందిస్తుంది. ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదు; పుట్టిన చోటికి కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతుంది. పక్కింటికి తీసుకువెళ్ళేది దోమ. పక్క ఊరికి, పక్క దేశానికి మోసుకువెళ్ళేది మనిషి.

దోమ కుట్టిన తరువాత సాధారణంగా 3 నుండి 7 రోజులలో లక్షణాలు మొదలవుతాయి. వైరస్ చర్మకణాలలో పెరిగి, రక్తంలోకి చేరి, కండరాలను, కీళ్ళను, వాటి చుట్టూ ఉండే స్నాయువులను ఆశ్రయిస్తుంది. దానిని ఎదుర్కోవడానికి శరీరపు రక్షక కణాలు కీళ్ళలోకి గుంపులుగా చేరతాయి. నొప్పికి, వాపుకు వైరస్ ఎంత కారణమో ఈ పోరాటమూ అంతే కారణం. రెండు చేతులకూ, రెండు కాళ్ళకూ సమానంగా, ముఖ్యంగా చిన్న కీళ్ళకు నొప్పి రావడం దీని ప్రత్యేకత. జ్వరం వారంలోపు తగ్గుతుంది. కీళ్ళనొప్పులు కొందరికి వారాలు, కొందరికి నెలలు, మరికొందరికి ఏళ్ళ తరబడి ఉంటాయి. నడివయసు దాటినవారిలో, ముందే కీళ్ళవాతం ఉన్నవారిలో ఇది ఎక్కువ. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి, పిడికిలి మూయడానికి అరగంట పట్టడం ఈ దశలో సామాన్యం.

ప్రమాదం ఎవరికి అధికం? మొదట నవజాత శిశువులకు. ప్రసవ సమయానికి తల్లి రక్తంలో వైరస్ ఉంటే దాదాపు సగం మంది బిడ్డలకు సోకుతుందని, వారిలో కొందరికి మెదడు దెబ్బతింటుందని రీయూనియన్‌లో తేలింది. తరువాత 65 ఏళ్ళు దాటినవారికి, మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి.

డెంగీ, చికున్‌గున్యా రెండూ ఒకే దోమ వల్ల, ఒకే కాలంలో, ఒకే వీధిలో వస్తాయి. మొదటి రెండు మూడు రోజులు వాటి మధ్య తేడా చెప్పడం అనుభవజ్ఞులైన వైద్యులకూ కష్టమే. డెంగీ కాదని తేలేవరకు జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి వాడరాదు; డెంగీలో అవి రక్తస్రావానికి దారితీయవచ్చు. జ్వరం దిగుతున్న రోజులలో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మగత కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి. నొప్పి వెంటనే తగ్గుతుందని తొలిరోజుల్లోనే స్టిరాయిడ్ సూదిమందు వేయించుకోవడం మంచిది కాదు.

లెక్కకు రాని నష్టం

2006లో ప్రభుత్వాలు చెప్పిన మాట ఒకటి చాలామందికి గుర్తుండే ఉంటుంది: ఈ జ్వరంతో ప్రాణాపాయం లేదని. చాలా మంది విషయంలో అది నిజం. అధికారిక పట్టికలలో చికున్‌గున్యా మరణాల గడిలో సున్నా కనిపించింది. కాని అహ్మదాబాదు నగరంలో పరిశోధకులు వేరొక పుస్తకం తెరిచారు. అది నగరపాలక సంస్థ జనన మరణాల రిజిస్టరు. జ్వరం ఉధృతంగా ఉన్న 2006 ఆగస్టు నుండి నవంబరు వరకు నమోదైన మరణాలను అంతకుముందు నాలుగేళ్ళలో అవే నెలల సగటుతో పోల్చారు. సుమారు 2,944 మరణాలు అధికంగా ఉన్నాయి. అవన్నీ చికున్‌గున్యా వల్లనే అని రుజువు చేయలేం. కాని జ్వరపడిన ముసలివారికి, మధుమేహులకు మరణ ధ్రువపత్రంలో గుండెపోటు అనో వృద్ధాప్యం అనో రాస్తే, అసలు కారణం ఏ గడిలోనూ పడదు.

చావు కాక మరో నష్టం ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. పల్లె కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని దక్కాలన్నది ఆ చట్టం ఆశయం. సరిగ్గా ఆ నెలలలోనే ఆ సీమలో పార పట్టలేని చేతులు, గట్టు ఎక్కలేని మోకాళ్ళు పెరిగాయి. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఒకే వారం మంచాన పడితే పోయిన కూలి, చేసిన అప్పు, అమ్ముకొన్న మేక ఏ వైద్య గణాంకంలోనూ కనిపించవు. చంపని జబ్బుకు మన లెక్కలలో విలువ లేదు; లెక్కలో లేనిదానికి ప్రభుత్వ బడ్జెట్‌లోనూ చోటు దొరకదు. ఈ జ్వరాన్ని ప్రతిసారీ మరిచిపోవడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

కేరళ నుండి ఇటలీకి

2007లో కేరళలో మళ్ళీ చెలరేగిన వైరస్‌లో రీయూనియన్‌లో కనిపించిన మార్పే కనిపించింది. అక్కడి రబ్బరు తోటలలో చెట్ల పాలు పట్టే చిప్పలలో వాననీరు నిలిచి, టైగర్ దోమ విస్తారంగా పెరిగింది. అదే వేసవిలో కేరళ నుండి ఒక ప్రయాణికుడు ఇటలీ ఈశాన్య తీరంలోని కాస్తిలియోనే ది చెర్వియా అనే చిన్న ఊరికి బంధువులను చూడవచ్చాడు. అక్కడ అతనికి జ్వరం తగిలింది. టైగర్ దోమలు అప్పటికే ఐరోపాలో స్థిరపడి ఉన్నాయి. కొద్ది వారాలలో ఆ ఊళ్ళో, చుట్టుపక్కల 200 మందికి పైగా చికున్‌గున్యా బారిన పడ్డారు. ఉష్ణదేశాల రోగమని ఐరోపా తలచినది తన పెరటి పూలకుండీలలోనే పుట్టింది. 2013 చివర కరీబియన్ దీవి సెయింట్ మార్టిన్‌లో మొదలై, ఏడాది తిరిగేసరికి అమెరికా ఖండాలలో పది లక్షలకు మించి అనుమానిత కేసులకు చేరింది. నీటిని దాచుకొనే చోటల్లా, నీరు నిలవనిచ్చే చోటల్లా ఈ దోమకు ఇల్లు సిద్ధంగా ఉంటుంది.

ఇక మన వంతు

టీకా మాట చాలామంది అడుగుతారు. 2023 నవంబరులో అమెరికా తొలి చికున్‌గున్యా టీకాకు అనుమతి ఇచ్చింది. వృద్ధులలో తీవ్రమైన దుష్ప్రభావాలు కనిపించడంతో 2025 ఆగస్టులో ఆ అనుమతిని నిలిపివేసింది. వేరే పద్ధతిలో తయారైన మరొక టీకా 2025 ఫిబ్రవరిలో అక్కడ అనుమతి పొందింది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ కూడా ఒక టీకాపై పరీక్షలు చేపట్టింది. ఇవన్నీ ఆశ కలిగించే విషయాలే. కాని టీకా కోసం ఎదురుచూస్తూ తొట్టిని మరువరాదు.

ఇంట్లో చేయవలసినది సులభం, కాని వారం తప్పకూడదు. రెండు రాష్ట్రాలలోనూ ‘ఫ్రైడే–డ్రైడే’ అంటున్నది ఇందుకే. దోమ గుడ్డు నుండి రెక్కల దాకా ఎదగడానికి వారం పది రోజులు పడుతుంది గనుక వారానికి ఒకసారి ఆ క్రమాన్ని తెంచాలి. తొట్టిని ఖాళీచేసి, గోడలను పీచుతో రుద్ది, ఆరబెట్టి నింపండి. ఖాళీచేయలేని డ్రమ్ముకు, సంపుకు మూత బిగించండి. మూత లేకపోతే పలుచని బట్ట కట్టండి. కూలరు అడుగున, ఫ్రిజ్జు వెనుక పళ్ళెంలో, పూలకుండీ కింద, దొడ్లో పడివున్న టైరులో, వాడని రోటిలో, కొబ్బరి చిప్పలో చూడండి. నీళ్ళలో మెలికలు తిరుగుతూ కదిలే సన్నని పురుగులు కనిపిస్తే అవే రేపటి దోమలు. జ్వరపడినవారిని మొదటి వారం పగలు కూడా దోమతెరలో ఉంచండి. అది రోగికోసం కాదు, ఇంట్లో మిగిలినవారి కోసం. వీధిలో వదిలే పొగ ఎగిరే దోమలలో కొన్నింటిని చంపుతుంది. గుడ్లను, నీటిలోని పురుగులను ముట్టుకోదు.

ఇంటివారి కర్తవ్యం ఇంతవరకు. కాని వారానికి ఒకనాడు నీరు వచ్చే ఇంటి ఇల్లాలికి, ‘నీళ్ళు నిల్వ ఉంచకండి’ అని కరపత్రం పంచడం న్యాయమా? తొట్టి కడిగి పారబోయమంటే, మళ్ళీ నింపుకోవడానికి ఆమెకు నీరెక్కడిది? మకొండే స్త్రీలు ఊటల నుండి మోసుకువచ్చిన నీటిని పారబోయలేకపోయారు. మన ఊళ్ళలోనూ పారబోయలేరు. రోజూ క్రమం తప్పక కుళాయి వచ్చే ఊళ్ళో ఇన్ని డ్రమ్ములు అవసరం ఉండవు. అందుకే నా దృష్టిలో ఊరికి నమ్మదగిన మంచినీటి సరఫరా కూడా ఒక వైద్య సదుపాయమే. మీ పంచాయతీలో, వార్డులో నీటి సమస్య మీద మాట్లాడే సందర్భం వస్తే, దాహం గురించి మాట్లాడినట్లే ఈ జ్వరం గురించీ మాట్లాడండి.

1973 తరువాత 32 ఏళ్ళు దీనిని మరిచిపోయాం. 2006 తరువాత పుట్టిన పిల్లలు ఇప్పుడు కాలేజీలకు వెళ్తున్నారు. వారిలో చాలామందికి ఈ జ్వరం పేరే తెలియదు. వారి రక్తంలో దీనిని అడ్డుకొనే శక్తీ లేదు. ఆనాడు మీ ఇంట్లో ఎవరు ఎన్ని నెలలు మంచాన పడ్డారో వారికి చెప్పండి. చెప్పి, ఈ శుక్రవారం వారితోనే మిద్దె మీది డ్రమ్ము మూత తీయించి లోపలికి చూడమనండి.